సైటులో అందరికీ మణికట్టు బెల్టులు: టైల్సు పనివారి నొప్పికి ఇది మందేనా?

సైటు సూపర్‌వైజరు, కోకాపేట

మేము కడుతున్న అపార్టుమెంటులో టైల్సు పరిచేవారిలో చాలామందికి కుడి మణికట్టు నొప్పి పట్టుకుంది. కాంట్రాక్టరు గారు మందుల దుకాణం నుంచి సాగే గుడ్డ బెల్టులు తెప్పించి, నొప్పి ఉన్నవారికీ లేనివారికీ తలా ఒకటి ఇచ్చి, పనిలో ఉన్నంతసేపూ కట్టుకోవాలని చెప్పారు. ఆయన ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. కానీ అప్పటి నుంచి సైటులో నొప్పి ప్రస్తావన ఎవరు తెచ్చినా ‘బెల్టు ఇచ్చాం కదా’ అన్న మాటతో సంభాషణ అక్కడికక్కడే ముగిసిపోతోంది. మార్చవలసింది పని తీరును అనీ, ఆ మార్పును వాయిదా వేయడానికే బెల్టు పనికొస్తోందనీ నా వాదన. అనుభవజ్ఞుల అభిప్రాయం కోరుతున్నాను.

ఈ పనిని దగ్గరగా చూడనివారి కోసం కొంత చెప్పాలి. ఇప్పుడు హాళ్లకు ఎక్కువగా వాడుతున్న, 600 మిల్లీమీటర్ల వెడల్పు, 1200 మిల్లీమీటర్ల పొడవు ఉన్న విట్రిఫైడ్ టైలు ఒక్కొక్కటి సుమారు 15 కిలోలు తూగుతుంది. మేస్త్రి గొంతుక్కూర్చుని, అంచుకు పళ్లున్న తాపీతో, టైలును అతికించే అడ్హెసివును నేల మీద చారలుగా దువ్వుతాడు. టైలును దించి, రబ్బరు సుత్తితో నాలుగు మూలలా తట్టి, పక్క టైలుతో మట్టం కలిసేలా సందుల్లో ప్లాస్టిక్ క్లిప్పులు దూర్చి, వాటిలో వెడ్జిని (చీలను) పెట్టి ప్లయరుతో బిగిస్తాడు. సుత్తి తట్టే ప్రతిసారీ మణికట్టు చిటికెన వేలి వైపు వంగుతుంది, ప్లయరు నొక్కే ప్రతిసారీ బొటనవేలి మీద భారం పడుతుంది. క్లిప్పులు వచ్చాక మట్టం చక్కగా కుదురుతున్న మాట నిజమే గాని, పూర్వం లేని ఈ నొక్కుడు పని రోజంతా అదనంగా వచ్చి చేరింది. కటింగ్ మెషీను అదురు సంగతి సరేసరి.

టైల్సు మేస్త్రి, బోరబండ

పని గురించి సూపర్‌వైజరు గారు రాసినది అక్షరాలా నిజం. ఆయన తేల్చిన మాటతో మాత్రం ఏకీభవించలేను. టైల్సుకు ముందు తాండూరు బండల పని, గ్రానైటు పని చేసిన చేయి నాది. బెల్టు ఉంటే మణికట్టు ఒక హద్దు దాటి వంగదు, వంగబోతే గుర్తుచేస్తుంది. సాయంత్రానికి సలుపు తగ్గుతుందని కట్టుకున్నవాడే చెబుతుంటే, కట్టుకోనివారు కాదనడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

మాకు చదరపు అడుగు లెక్కన డబ్బు వస్తుంది. కొన్ని వారాలు విశ్రాంతి తీసుకోమని డాక్టరు రాసిచ్చిన కాగితం చూపిస్తే కిరాణా కొట్టులో బియ్యం ఇవ్వరు. నేను ఆగిపోతే నా చోట కూర్చోవడానికి అడ్డా మీద మనుషులకు కొదవ లేదు. బెల్టు కట్టుకోనివాడు విశ్రాంతి తీసుకుంటాడని అనుకోవడం పొరపాటు. అతడు మధ్యాహ్నం చాయ్‌తో పాటు ఒక డైక్లోఫెనాక్ నొప్పి మాత్ర వేసుకుని మళ్లీ సుత్తి పట్టుకుంటాడు. దానికంటే బెల్టు మేలు కాదా? రెక్కాడితే గాని డొక్కాడని వారికి ‘అది తప్పు’ అని చెప్పేవారు, బదులుగా ఏం చేయాలో కూడా చెప్పాలి. మా ఇంట్లో పెద్దలు పుత్తూరు కట్టు కట్టించుకోమంటున్నారు. అదీ ఒక కట్టే కదా, దానికి లేని అభ్యంతరం దీనికి ఎందుకో.

ఫిజియోథెరపిస్టు, దిల్‌సుఖ్‌నగర్

మేస్త్రి గారు అడిగినది న్యాయమైన ప్రశ్న, అందుకే కొంచెం విడమరిచి రాస్తున్నాను. ఇక్కడ ఇద్దరూ ‘మణికట్టు నొప్పి’ని ఒకే జబ్బుగా తీసుకుని వాదిస్తున్నారు. ఆ మాట కింద వేర్వేరు జబ్బులు ఉంటాయి, ఒకదానికి పనికొచ్చే పట్టీ మరొకదానికి పనికిరాదు.

బొటనవేలిని పిడికిలిలో మూసి, పిడికిలిని మెల్లగా చిటికెన వేలి వైపు వంచి చూడండి. బొటనవేలి మొదట్లో, మణికట్టు అంచున జివ్వుమని లాగితే, బొటనవేలిని కదిలించే స్నాయువులు (కండను ఎముకకు కలిపే తాళ్లు) తమ తొడుగులో ఒరుసుకుంటున్నాయని అనుమానించాలి. 1895లో దీన్ని వర్ణించిన స్విస్ శస్త్రవైద్యుడు డి క్వెర్వెయిన్ పేరుతోనే ఈ జబ్బును పిలుస్తున్నారు. సుత్తి, ప్లయరు పట్టేవారిలో నేను ముందుగా చూసేది దీనికోసమే. కాంట్రాక్టరు గారు పంచిన సాగే బెల్టు మణికట్టును చుట్టుకుంటుంది, బొటనవేలిని మాత్రం స్వేచ్ఛగా వదిలేస్తుంది. అంటే ఏ భాగం కదలకూడదో ఆ భాగమే కదులుతూ ఉంటుంది. దీనికి బొటనవేలిని కూడా కలిపి పట్టి ఉంచే స్ప్లింటు, అంటే కదలనివ్వని గట్టి పట్టీ కావాలి; దాన్ని పెట్టుకుని ప్లయరు నొక్కడం కుదరదు.

రెండోది కార్పల్ టన్నెల్. అరచేతి మొదట్లో ఎముకలకూ ఒక గట్టి కణజాలపు పట్టీకీ మధ్య ఉన్న ఇరుకు దారిలో తొమ్మిది స్నాయువులతో పాటు మీడియన్ నరం ప్రయాణిస్తుంది. ఆ దారిలో ఒత్తిడి పెరిగితే బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. రెండు చేతుల వెనుక భాగాలను ఒకదానికొకటి ఆనించి, మణికట్లు వంగేలా ఒక నిమిషం ఉంచితే ఆ తిమ్మిరి తిరగబెట్టడం ఒక గుర్తు. చిటికెన వేలు తిమ్మిరెక్కితే మాత్రం అది వేరే నరం, మోచేయి దగ్గర వెతకాలి. కార్పల్ టన్నెల్‌కు పట్టీ మంచి వైద్యమే, కానీ అది పనిచేసేది రాత్రిపూట. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు ముడుచుకుంటుంది కాబట్టి, దాన్ని తిన్నగా ఉంచే స్ప్లింటును కొన్ని వారాల పాటు రాత్రి వేళ వాడమంటాం. పగలు బిగుతుగా కట్టిన సాగే బెల్టు, ఇప్పటికే ఇరుకైన దారిని బయటి నుంచి ఇంకా నొక్కే అవకాశం ఉంది.

బెల్టుతో సలుపు తగ్గుతోందన్న మేస్త్రి గారి అనుభవాన్ని నేను కొట్టిపారేయను. కదలిక తగ్గితే నొప్పి తగ్గుతుంది, వెచ్చదనం కూడా హాయినిస్తుంది. కానీ సుత్తి పని ఆగలేదు కనుక, మణికట్టు చేయని కదలికను మోచేయి, భుజం చేస్తాయి. ఇలాంటివారు తర్వాత మోచేతి నొప్పితో వస్తుంటారు.

సైటుకే చెందిన మరో ముప్పు ఉంది. తడి సిమెంటుకు గాఢమైన క్షారగుణం ఉంటుంది. సిమెంటు కలిసిన అడ్హెసివు చేతి మీద పడితే కడుక్కుంటారు. బెల్టులోకి ఇంకితే ఆ తడి గుడ్డ సాయంత్రం దాకా చర్మానికి అంటుకునే ఉంటుంది. బెల్టు విప్పాక దాని అంచు వెంబడి ఎర్రగా కమిలిన గీత కనిపిస్తే చెమటపొక్కు అనుకోకండి, అది సిమెంటు కాల్చిన గుర్తు కావచ్చు.

పుత్తూరు కట్టు గురించి ఒక్క హెచ్చరిక. నిచ్చెన మీద నుంచో, తడి నేల మీదనో జారి చేయి ఆనించి పడ్డాక బొటనవేలి మొదట్లో ఉన్న గుంటలో నొప్పి ఉంటే, అక్కడి స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగి ఉండవచ్చు. మొదటి ఎక్స్‌రేలో ఈ విరుపు కనిపించకపోవడం కూడా ఉంటుంది. ఆ ఎముకకు రక్తప్రసరణ తక్కువ, కదలకుండా సరిగా పట్టి ఉంచకపోతే అతకకపోవచ్చు. దానిమీద బెల్టైనా, ఏ కట్టైనా కట్టుకుని పనిలోకి వెళ్తే మొదటికే మోసం వస్తుంది.

మగ్గం పని, సైదాబాద్

నాది టైల్సు పని కాదు, జాకెట్ల మీద మగ్గం పని. చట్రం మీద బిగించిన గుడ్డకు పైన ఒక చేయి ఆరీ సూదిని ఆడిస్తుంటే, కింద రెండో చేయి దారం అందిస్తూ గంటల తరబడి వంగే ఉంటుంది. పెళ్లిళ్ల కాలంలో రాత్రిళ్లు వేళ్లు మొద్దుబారి మెలకువ వచ్చేది, చేయి విదిలిస్తే గాని మళ్లీ నిద్ర పట్టేది కాదు. నేనూ పగలు బెల్టే కట్టుకునేదాన్ని. ఆస్పత్రిలో నరం ఎలా పనిచేస్తోందో చూసే ఎన్‌సీఎస్ పరీక్షతో పాటు రక్తపరీక్షలు కూడా రాశారు. థైరాయిడ్ తక్కువగా ఉందని అప్పుడే బయటపడింది. మాత్రలు మొదలుపెట్టి, రాత్రి స్ప్లింటు వాడాక చాలా తేలికపడింది. ఫిజియో గారు అన్నట్టు బెల్టు పగలా, రాత్రా అన్నదే అసలు తేడా. చెల్లెలి మాటగా చెబుతున్నాను, మేస్త్రి అన్నగారు ఒకసారి రక్తపరీక్ష చేయించుకుంటే మంచిది.

కాంట్రాక్టరు, మియాపూర్

నేను సూపర్‌వైజరు గారి సైటు కాంట్రాక్టరును కాను, కానీ ఆయన స్థానంలో ఉంటే నేనూ బెల్టులే కొనేవాణ్ని. ఫ్లాటు అప్పగించే తేదీ బిల్డరు రాసి ఇస్తాడు, ఆలస్యమైతే కోత మా బిల్లులో పడుతుంది. పైగా ఈ చర్చలోనే తేలింది కదా, కారణం థైరాయిడ్ కూడా కావచ్చు. ప్రతి నొప్పినీ పని నెత్తిన రుద్దితే ఎలా? నా దగ్గర ఇరవై ఏళ్లుగా ఏ నొప్పీ లేకుండా పనిచేస్తున్న మేస్త్రీలూ ఉన్నారు.

ఫిజియోథెరపిస్టు, దిల్‌సుఖ్‌నగర్

థైరాయిడ్, మధుమేహం, గర్భధారణ కార్పల్ టన్నెల్ అవకాశాన్ని పెంచుతాయి. బలంగా, పదేపదే చేతిని వాడే పని, అదిరే యంత్రాలు కూడా పెంచుతాయి. ఒకటి ఉందని రెండోది లేకుండా పోదు. షుగరు ఉన్న మనిషి చేతిలో కటింగ్ మెషీను పెడితే రెండు కారణాలూ కలిసి వస్తాయి. నొప్పి లేనివారు ఇరవై ఏళ్లుగా ఉన్నారంటున్నారు. నొప్పితో మానేసినవారు ఇప్పుడు మీ సైటులో కనిపించరు కాబట్టి ఆ లెక్కను నేను నమ్మను.

బొటనవేలి మొదట్లో కండ పలచబడినా, చేతిలో వస్తువులు జారిపోతున్నా వెంటనే ఎముకల డాక్టరుకు చూపించాలి. అక్కడిదాకా వచ్చాక బెల్టు, మాత్ర, మసాజ్ అన్నీ కాలయాపనే. పొద్దున్నే రెండు చేతుల వేళ్ల కణుపులు వాచి, అరగంటకు మించి బిగుసుకుపోతుంటే అది కీళ్లవాతం కావచ్చు, దాని మందులు పూర్తిగా వేరు. డైక్లోఫెనాక్ సంగతి కూడా చెప్పాలి. ఎండాకాలంలో నీళ్లు తాగకుండా రోజూ ఆ మాత్ర వేసుకోవడం మూత్రపిండాలకు ప్రమాదం, కడుపులో పుండ్లకు కూడా దారి తీయవచ్చు.

సైటు సూపర్‌వైజరు, కోకాపేట

మేస్త్రి గారు ‘బదులుగా ఏం చేయాలి’ అని అడిగారు. నేను కాంట్రాక్టరు గారి ముందు పెట్టదలచుకున్నది ఇది. పెద్ద టైలును ఒక్కడే ఎత్తకుండా హెల్పరు రెండో వైపు పట్టాలి. మొద్దుబారిన బ్లేడుతో కోస్తే ఎక్కువసేపు, ఎక్కువ బలంతో నొక్కాల్సి వస్తుంది, కాబట్టి బ్లేడు అరిగిపోయేదాకా లాగకూడదు. ఐరోపా సమాఖ్య 2002లోనే చేతికి తగిలే అదురుకు రోజువారీ పరిమితి విధించింది. మన సైటులో ఆ కొలత తీసే పరికరం లేకపోయినా, కోత పని రోజంతా ఒకే మనిషికి అప్పగించకుండా ఉండగలం. పరిచేవారు, కోసేవారు, టైళ్ల సందుల్లో గ్రౌటు నింపేవారు పూటపూటకూ మారాలి. బెల్టుల డబ్బుతో, ఎవరికి అవసరమో వారికి డాక్టరు చెప్పిన రాత్రి స్ప్లింటు కొనివ్వాలి.

విశ్రాంతి విషయంలో మేస్త్రి గారి మాట కాదనలేను. ఉద్యోగుల ఆరోగ్య బీమా పథకమైన ఈఎస్ఐలో పేరుండి, చందా నిబంధనలు తీరితే, డాక్టరు సెలవు రాసిన కాలానికి ఏడాదిలో 91 రోజుల వరకు సగటు వేతనంలో 70 శాతం వస్తుంది, సనత్‌నగర్ ఆస్పత్రిలో చూపించుకోవచ్చు. అడుగు లెక్కన పనిచేసేవారి పేర్లు ఆ జాబితాలోకి ఎక్కించడానికే ఎవరూ ముందుకు రారు. ఈ ఒక్క పని జరిగితే బెల్టు గురించి ఇంత చర్చ అవసరమే ఉండేది కాదని నా నమ్మకం.

టైల్సు మేస్త్రి, బోరబండ

ఫిజియో గారు చెప్పిన బొటనవేలి పరీక్ష చేసి చూశాను, లాగింది. పగటి బెల్టు పక్కన పెట్టి డాక్టరుకు చూపించుకుంటాను, అంతవరకు ఒప్పుకుంటున్నాను. చెల్లెమ్మ చెప్పిన రక్తపరీక్ష కూడా చేయించుకుంటాను.

అయితే సూపర్‌వైజరు గారూ, మీ ప్రతిపాదనలో డబ్బు లెక్క ఎక్కడా లేదు. గ్రౌటు నింపే పూటకు రేటు పరిచే రేటు కంటే తక్కువ, కాబట్టి పూట మారితే నా కూలి తగ్గుతుంది. రెండో వైపు టైలు పట్టే హెల్పరు కూలి ఇప్పుడు మేస్త్రి జేబులోంచే పోతోంది. పెద్ద టైలుకు అడుగు రేటు పెంచుతారా, హెల్పరును కాంట్రాక్టరే పెడతారా, మారే పూటలకు రోజు కూలి కట్టిస్తారా? ఈ మూడింటిలో ఏది జరుగుతుందో మీ కాంట్రాక్టరు గారిని అడిగి ఇక్కడ రాయండి, మియాపూర్ కాంట్రాక్టరు గారు కూడా తమ సైటు లెక్క చెప్పాలి. ఆ జవాబులు చూశాక మా మేస్త్రీలతో మాట్లాడతాను.