సమస్యాపూరణం: “కూరగాయఁ దినఁగఁ గూలె రాజు”

సంచాలకులు:
ఈ వారం సమస్య ఇది. మా అబ్బాయి నిన్న రాత్రి ‘సూపర్ మారియో బ్రదర్స్ 2’ అనే వీడియో ఆట తొలిసారి ఆడి, చివరికి వార్ట్ అనే కప్పరాజు నోట్లోకి కూరగాయలు విసిరి గెలిచినప్పుడు నా నోట అప్రయత్నంగా వెలువడిన పాదమిది. 1985 నాటి మొదటి ఆట ఆడినవారికి, 1988లో అమెరికాలో వచ్చిన ఈ రెండవ భాగం తొలిచూపులో ఎలా తోచిందో పూరణంలో ధ్వనించాలి. విషం కలిపారనే పూరణలు పంపవద్దని మనవి.

రాజోలు మాస్టారు:
కలల రాజ్యమేలు కప్పదొర తెరువ
నోరు, మారియోయె జోరు మీఱ
దుంపఁ బెఱికి విసర దూసుకొనుచుఁ బోయె
కూరగాయఁ దినఁగఁ గూలె రాజు.

అమలాపురం సభ్యులు:
నోరు, జోరు ప్రాసయతి (రెండవ అక్షరాల పొత్తు) హాయిగా నడిచింది. అయితే ‘బోయెన్’ ద్రుతాంతం (‘న్’తో ముగిసే మాట) కనుక సమస్య ‘గూరగాయ’ అని మొదలు కావాలి. అంతకంటె పెద్ద పొరపాటు ‘బెఱికి’ అన్న మాటలో ఉంది. ఆట పొడవునా మనం నేలలోంచి దుంపలు పెరుకుతాం కాని, వార్ట్ గదిలో పెరకడానికి ఏమీ ఉండదు. అతడు భూతాలను పుట్టించడానికి వాడుకున్న కలల యంత్రమే అక్కడ కూరగాయలను చిమ్ముతుంది. తన యంత్రమే తన చావును అందిస్తున్నదన్న అందం ఆ ఒక్క మాటతో జారిపోయింది.

రాజోలు మాస్టారు:
ద్రుతం విషయంలో తప్పు నాదే. ‘బెఱికి’ రావడానికి కారణం తొలి అనుభవం. వరద తీసిన లంకభూమిలో ముల్లంగిని ఆకు పట్టి లాగితే మన్నుతో సహా చేతికి వచ్చినట్టు, ఆ ఆటలో మొదటి దుంప పైకి వచ్చినప్పుడు కలిగిన ఆనందం నా మనసులో అంత గాఢంగా నిలిచింది.

ముమ్మిడివరం సభ్యులు:
తలను తొక్కినంతఁ దల వంచ దొక శత్రు
వైన, మొదటి యాటవలెను కాదు;
ఆఱు మార్లు విసరి యారగింపఁగఁ జేయఁ
గూరగాయఁ దినఁగఁ గూలె రాజు.

సంచాలకులు:
తొలిచూపు అంటే ఇదే! నెత్తి మీదికి దూకితే శత్రువు చావకపోగా, మనలను మోసుకొని నడిచిపోతుంటే, మొదటి ఆటలో చేతికి అలవాటైన విద్య అంతా వ్యర్థమైందని ఎవరికైనా తోస్తుంది. ‘తల వంచదు’ అన్న పలుకుబడి ఆ దిగ్భ్రమను రెండు ముక్కల్లో పట్టింది.

రాజోలు మాస్టారు:
ఆరు దెబ్బల లెక్క సరిగా చెప్పినందుకు అభినందనలు. ‘ఆరగింపఁగఁ జేయ’ అన్నాక మళ్ళీ ‘దినఁగ’ పునరుక్తి. ‘ఆఱు మార్లు విసర నంతతో సరిపోయె’ అంటే మేలు.

ముమ్మిడివరం సభ్యులు:
శిరసావహిస్తున్నాను, మాస్టారూ.

పాలకొల్లు సోదరి:
చెఱలో నలిగినట్టి చెలియయే యీసారి
గాలిఁ దేలి దుంప గైకొనంగ,
అబల యనిన నోటి కాహారమై దూఁకెఁ
గూరగాయఁ దినఁగఁ గూలె రాజు.

మొదటి ఆటలో కోటలో బందీగా ఉండి, చివరన మాత్రమే దర్శనమిచ్చిన రాకుమారి ఇక్కడ తానే ఆడి గెలుస్తుంది. దూకినప్పుడు కాసేపు గాలిలో తేలడం, ఆడేవారు ఎంచుకోగల నలుగురు పాత్రలలో ఆమెకొక్కతెకే ఉన్న శక్తి. నేను ఆమెనే ఎంచుకున్నాను. ఇక, రాజోలు మాస్టారి క్రిందటి పూరణం గురించి ఒక మాట చెప్పక తప్పదు. ‘పుట్టగొడుగు తినిన పురుషుఁ డీల్గె’ అన్న సమస్యకు వారు ఈ ఆటనే ఆధారంగా చూపి ప్రశంసలందుకున్నారు. ఆ విషపు పుట్టగొడుగు ఇందులో లేదు. అది 1986లో జపానులో వచ్చిన మరొక రెండవ భాగంలోనిది, పాశ్చాత్య దేశాలకు 1993లో ‘లాస్ట్ లెవెల్స్’ పేరుతో చేరింది.

రాజోలు మాస్టారు:
వసిష్ఠ గోదావరికి ఆవలి ఒడ్డు నుంచి వచ్చిన దెబ్బ గట్టిదే, ఒప్పుకుంటున్నాను. అమ్మా, తమరి ‘చెఱలో’ సగణమైంది, ఆటవెలదిలో ఆ చోట అది చెల్లదు. ‘చెఱను’ అంటే నిలుస్తుంది.

పాలకొల్లు సోదరి:
సవరించాను. ధన్యవాదాలు.

అమలాపురం సభ్యులు:
ఆ రెండు రెండవ భాగాలలో నాకు ఇదే ఇష్టం. జపాను ఆట పాత నియమాలనే మరింత కఠినం చేసింది. ఇది నియమాన్నే మార్చింది. అసలు ఇది 1987లో జపానులో వచ్చిన ‘డోకి డోకి పానిక్’ అనే వేరే ఆట. అందులోని నలుగురి స్థానంలో మారియో, లూయిజి, టోడ్, రాకుమారి వచ్చారు. ఒకరిచ్చిన పాదానికి మరొకరు తమ మాటలు అమర్చినట్టు ఈ ఆటను తెచ్చిన నింటెండో సంస్థ ఆనాడు చేసింది కూడా పూరణమే.

సంచాలకులు:
ఈ వారం ఉత్తమ పూరణం పాలకొల్లు సోదరిది. సమస్యలోని రాజును అందరం చూశాం. రాణి కావలసిన అమ్మాయిని ఆమె ఒక్కరే చూశారు. ‘గైకొనంగ’ అన్నారు కనుక యంత్రం చిమ్మిన దుంపకూ సరిపోయింది.

రాజోలు మాస్టారు:
నా మూడవ పాదాన్ని ‘దుంపఁ బట్టి విసర’ అని మార్చుకుంటున్నాను. ఈ రాత్రి రాకుమారిని ఎంచుకొని మొదటి నుంచి ఆడతాను.