ఘర్షణ తగ్గింది, అరుగుదల పెరిగింది: నా కందెనలో తేడా ఎక్కడ?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ప్రాజెక్టు కోసం కొత్త కందెన నూనె తయారు చేస్తున్నాను. అడిటివ్‌లేవీ (నూనె గుణం పెంచడానికి కలిపే పదార్థాలు) లేని మినరల్ బేస్ ఆయిల్‌లో 1 శాతం మాలిబ్డినం డైసల్ఫైడ్ నానో పొడి కలిపి ఫోర్ బాల్ టెస్టర్ (మూడు ఉక్కు బంతుల మీద నాలుగో బంతిని నొక్కి తిప్పే యంత్రం) మీద నడిపాను. లోడు 392 న్యూటన్లు, వేగం నిమిషానికి 1200 చుట్లు, వేడి 75 డిగ్రీలు, గంటసేపు. ఘర్షణ గుణకం 0.11 నుంచి 0.08కి దిగింది. కానీ బంతుల మీద అరుగుదల మచ్చ 0.62 మి.మీ. నుంచి 0.70 మి.మీ.కి పెరిగింది. రెండూ కలిసే తగ్గాలి కదా? పొడి ఇంకా వేయాలా? లేక నూనె వదిలేసి బంతులకు డీఎల్‌సీ (వజ్రంలా గట్టిగా ఉండే కార్బన్) పూత వేయించాలా? రివ్యూ దగ్గర పడుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
పొడి మాత్రం పెంచకండి. ముందు రెండు విషయాలు చెప్పండి. మైక్రోస్కోప్ కింద మచ్చ ఎలా కనిపిస్తోంది? నూనె సీసాను ఒక రాత్రంతా కదపకుండా ఉంచితే ఏమవుతోంది?

అడిగినవారు:
మచ్చ నిండా బంతి తిరిగే దిశలో గీతలే, దువ్వెనతో దువ్వినట్టు. మధ్యలో రెండు మూడు లోతైన గాడులు. సీసా అడుగున నల్లటి మడ్డి పేరుకుంది, పైన నూనె దాదాపు తేటగా ఉంది. టెస్టుకు ముందు చేత్తో బాగా కుదిపే పోశాను.

జవాబు:
మీ సమస్య ఆ మడ్డిలోనే ఉందనిపిస్తోంది. రేణువులు ఒకదానికొకటి అంటుకుని ఉండలు కట్టాయి. చేత్తో కుదిపితే ఉండలు పైకి లేస్తాయే గానీ విడిపోవు.

మాలిబ్డినం డైసల్ఫైడ్ పొరలు పొరలుగా ఉంటుంది. పొరల మధ్య పట్టు తక్కువ కాబట్టి పేకముక్కల్లా ఒకదానిమీద ఒకటి జారతాయి. మీ ఘర్షణ తగ్గింది అందుకే అయ్యుండాలి. అది మెత్తనిది, తనంతట తాను ఉక్కును గీయదు. కానీ ఉండలు బంతులు కలిసే చోట పోగుపడితే నూనె లోపలికి వెళ్లడానికి అడ్డం పడతాయి, రాలిన ఉక్కు రజనును అక్కడే పట్టి ఉంచుతాయి. గాడులు పెట్టేది ఆ రజనే.

ఘర్షణ, అరుగుదల కలిసి నడవాలన్న నియమం లేదు. ఇంజిన్ ఆయిల్‌లో దశాబ్దాలుగా వాడుతున్న జడ్‌డీడీపీ అనే అడిటివ్‌నే చూడండి. అది ఉక్కు మీద గాజులాంటి ఫాస్ఫేట్ పొర కట్టి అరుగుదలను ఆపుతుంది, ఘర్షణను మాత్రం కాస్త పెంచుతుంది కూడా.

ఇంకో మాట, మచ్చ వ్యాసం చూసి తేడా చిన్నదే అనుకోవద్దు. బంతి మీద అరిగిన ఘనపరిమాణం సుమారుగా వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 0.62 నుంచి 0.70 అంటే పైకి 13 శాతమే, కానీ పోయిన లోహం 60 శాతం పైగా పెరిగింది. పైగా ఈ లోడు కింద అసలు అరగకపోయినా బంతులు నొక్కుకుని తాకే మేర సుమారు 0.30 మి.మీ. ఉంటుంది. మచ్చ ఎప్పుడూ సున్నాకి రాదు.

పొడిని 0.25 శాతానికి తగ్గించి, రేణువులు మళ్లీ అంటుకోకుండా ఓలియిక్ ఆమ్లం లాంటిది కొద్దిగా చేర్చి, అల్ట్రాసోనిక్ ప్రోబ్‌తో (అతిధ్వని తరంగాలతో ఉండలను విడగొట్టే కడ్డీతో) కలిపి చూడండి. అయితే ఓలియిక్ ఆమ్లం కూడా ఉక్కుకు అంటుకుని ఘర్షణ తగ్గిస్తుంది. కాబట్టి పొడి లేకుండా ఆమ్లం ఒక్కటే వేసి ఒక టెస్టు తప్పనిసరి. చాలామంది ఇక్కడే పొరబడతారు. ప్రతి నూనెకూ కనీసం మూడుసార్లు నడపండి, ప్రతిసారీ కొత్త బంతులు వాడండి. బంతుల కప్పు మూలల్లో నల్లపొడి మిగిలితే తర్వాతి బేస్ ఆయిల్ టెస్టు కూడా పాడవుతుంది. హెక్సేన్‌తో కడిగి తెల్లగుడ్డతో తుడవండి, గుడ్డకు నలుపు అంటకూడదు.

ఇంకొకరి జవాబు:
పూత గురించి నేను చెబుతాను. డీఎల్‌సీ మందం సాధారణంగా కొన్ని మైక్రాన్లే. ఫోర్ బాల్‌లో ఒక బిందువు దగ్గర ఒత్తిడి గిగాపాస్కల్ దాటిపోతుంది. కింది ఉక్కు కాస్త నొక్కుకుపోయినా పైన గట్టి పూత గుడ్డు పెంకులా పగులుతుంది. పూతలకు తక్కువ లోడుతో పిన్ ఆన్ డిస్క్ (తిరిగే బిళ్ల మీద పిన్నును నొక్కి రుద్దే టెస్టు) నయం. బేరింగ్ ఉక్కు మీద పూత వేయిస్తే ప్రక్రియ వేడి ఎంతో ముందే అడగండి, ఆ ఉక్కుకు టెంపరింగ్ (గట్టిపరిచాక మళ్లీ కొద్దిగా వేడిచేయడం) ఇచ్చిన వేడి దాటితే అది మెత్తబడుతుంది. తర్వాత అదే పూతను మాలిబ్డినం అడిటివ్ ఉన్న నూనెలో నడపాలనుకుంటే జాగ్రత్త. ఎంఓడీటీసీ అనే అడిటివ్ ఉన్న నూనెలో డీఎల్‌సీ త్వరగా అరిగిపోవడం బాగా తెలిసిన సమస్య.

అడిగినవారు:
పూత ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాను. ప్రోబ్‌తో కలిపిన నూనె మూడు రోజులైనా అడుగుకు చేరలేదు. 0.25 శాతంతో మూడు టెస్టుల్లోనూ మచ్చ 0.55 దగ్గరే వచ్చింది, లోతైన గాడులు లేవు. ఘర్షణ 0.08. కానీ ఓలియిక్ ఆమ్లం ఒక్కటే వేసినా ఘర్షణ 0.09 వచ్చింది! మచ్చ మాత్రం 0.61.

జవాబు:
అంటే ఘర్షణ తగ్గడంలో ఎక్కువ భాగం ఆమ్లానిదే, అరుగుదల తగ్గింది మాత్రం పొడి వల్ల. ఇకనుంచి పోలిక బేస్ ఆయిల్‌తో కాకుండా ఆమ్లం కలిపిన నూనెతో చేయండి. రివ్యూలో మొదటి స్లైడుగా బేస్ ఆయిల్, ఆమ్లం ఒక్కటే కలిపిన నూనె, ఆమ్లంతో పాటు పొడి కలిపిన నూనె, ఈ మూడింటి మచ్చల ఫొటోలు పక్కపక్కన పెట్టండి.