ట్రైలర్ తోక ఊపుతోంది: వెనక ఎయిర్ బ్యాగులు వేయించాలా, సామాను సర్దాలా?

కొమ్మాది సంచారి:
అందరికీ నమస్కారం. మాకు ఫార్చ్యూనర్ ఉంది. దాని వెనక తగిలించుకునే కేరవాన్ ట్రైలర్ ఒకటి రెండేళ్ల కిందట కట్టించుకున్నాం. ఒకే ఇరుసు, ఓవర్‌రన్ బ్రేకు, అంటే కారు నెమ్మదించినప్పుడు ట్రైలర్ ముందుకు తోసుకొచ్చి తన బ్రేకు తనే పట్టుకునే రకం. ఇన్నాళ్లూ భీమిలి, భోగాపురం వైపు నెమ్మదిగా తిరిగాం, ఏ ఇబ్బందీ రాలేదు.

మొన్న ఆదివారం శ్రీకాకుళం నుంచి వస్తున్నాం. తగరపువలస దగ్గర గోస్తనీ వంతెన దాటాక స్పీడు 80లో ఉంది. కంటైనర్ లారీ ఒకటి కుడివైపు నుంచి దాటిపోయింది. దాని గాలికి ట్రైలర్ ఒకసారి ఎడమకు వెళ్లింది, మళ్లీ కుడికి వచ్చింది, ఇక ఆగలేదు. ఎడమ అద్దంలో ఒకసారి, కుడి అద్దంలో ఒకసారి దాని మూల కనిపిస్తోంది. నాలుగో ఊపుకి మా కారు వెనక భాగం కూడా పక్కకు జరగడం నడుముకి తెలిసింది. వెనక సీట్లో అమ్మ, ఇద్దరు పిల్లలు. యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ తిప్పకుండా గట్టిగా పట్టుకున్నాను. 60కి దిగాక దానంతట అదే సర్దుకుంది. పక్కకి ఆపి దిగితే కాళ్లు వణుకుతున్నాయి.

మెకానిక్‌కి చూపిస్తే కారు వెనక కూర్చుంటోంది, కాయిల్ స్ప్రింగుల్లో ఎయిర్ బ్యాగులు, అంటే స్ప్రింగుకి సాయంగా గాలి నింపే సంచులు వేస్తే సరి అన్నారు. మా బావ అసలు బండే మార్చేయమంటున్నాడు, వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) ఎక్కువున్న వి-క్రాస్ పికప్ తీసుకోమని. వచ్చే వారం అరకు వెళ్లాలనుకుంటున్నాం. డబ్బు పెట్టే ముందు తప్పు ఎక్కడుందో తెలియాలి కదా. మీకు తెలిసింది చెప్పండి.

గాజువాక మెకానిక్:
సార్, ఎయిర్ బ్యాగులే వేయించండి. ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా ఇదే పని నాది. లోడుతో పాడేరు ఘాట్ ఎక్కే బొలెరోల వాళ్లు మా దగ్గర వెనక స్ప్రింగుకి, అంటే కమాన్ కట్టలో, ఒక పట్టీ ఎక్కువ వేయించుకుంటారు. అప్పటిదాకా మలుపులో ఒరిగే బండి ఆ తర్వాత నిటారుగా పోతుంది. వెనక మెత్తగా ఉన్న బండిని ట్రైలర్ ఎటు తోస్తే అటే పోతుంది. ముందు లాగే బండి గట్టిగా నిలబడాలి, అది నిలబడితే ట్రైలర్ మాట వింటుంది.

మధురవాడ మాస్టారు:
మెకానిక్ గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ బొలెరోలో లోడు బండి మీదే ఉంటుంది. ఇక్కడ లోడు వేరే ఇరుసు మీద ఉంది, కారుకీ దానికీ ఉన్న బంధం కారు వెనక తగిలింపుకి, అంటే హిచ్‌కి ఉన్న ఒక్క బంతి దగ్గరే. ఆ బంతి మీద ట్రైలర్ ఎంత బరువు మోపుతోందన్నదే మొదట చూడాల్సింది. ఇరుసు వెనక సామాను ఎక్కువైతే ట్రైలర్ ముక్కు తేలిపోతుంది, తోక బరువెక్కుతుంది. అప్పుడు పక్క గాలి చిన్నగా తగిలినా ఊపు మొదలవుతుంది. స్పీడు పెరిగేకొద్దీ ఆ ఊపు తగ్గే గుణం తగ్గిపోతుంది. ఒక స్పీడు దాటాక ఊపు తగ్గకపోగా పెరుగుతూ పోతుంది. మీ ట్రైలర్‌కి ఆ గీత 60కీ 80కీ మధ్య ఎక్కడో ఉంది.

ఇంకోటి. కావడి మోసేవాళ్లని చూసే ఉంటారు. రెండు చివర్లా నిండు బిందెలుంటే ఆ మనిషి గబుక్కున తిరగలేడు, తిరగడం మొదలయ్యాక టక్కున ఆగలేడు. అవే బిందెలు భుజానికి దగ్గరగా ఉంటే సులువు. ట్రైలర్‌లో కూడా బరువులు ఇరుసుకి దగ్గరగా, నేలకి దగ్గరగా ఉండాలి. ముక్కు బరువు కావాలని ముందు చివర ఒకటి, వెనక చివర ఒకటి పెడితే తూకం సరిపోతుంది గానీ ఊపు మొదలైతే ఆపడం కష్టం.

సంచారి గారూ, ముందు కాటాకి వెళ్లండి. ట్రైలర్‌ని కారు నుంచి విప్పి, చక్రాలూ ముందున్న జాకీ చక్రమూ రెండూ కాటా మీద ఉంచి తూయించండి. తర్వాత జాకీ చక్రాన్ని అంచు దాటించి కింద పెట్టి, ఇరుసు మాత్రమే కాటా మీద ఉండేలా మళ్లీ తూయించండి. రెండింటి తేడాయే దాదాపుగా హిచ్ మీద పడే బరువు. ట్రైలర్ రెండుసార్లూ సమమట్టంగా ఉండాలి.

షీలానగర్ లారీ:
నేను పోర్టు నుంచి నలభై అడుగుల కంటైనర్లు లాగుతాను. మాస్టారూ, కాటా మంచిదే, కానీ ఈయన రేపు మళ్లీ రోడ్డెక్కితే ముందు కాపాడేది స్పీడే. 80లో ఊగింది, 60లో ఆగింది. అంతకంటే రుజువు ఏం కావాలి?

ఇంకో మాట. ఊగేటప్పుడు కొంచెం యాక్సిలరేటర్ ఇస్తే లాగి నిటారుగా వస్తుందని మా పాత డ్రైవర్లు చెప్పేవారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. సంచారి అన్న చేసిందే సరైన పని. కాలు తీసేయాలి, స్టీరింగ్‌తో దాని వెనక పరిగెత్తకూడదు, బ్రేకు ఒక్కసారిగా తొక్కకూడదు. మనం ఎడమకు తిప్పేసరికి అది అప్పటికే కుడికి పోయి ఉంటుంది, మన చెయ్యే దానికి ఇంకో తోపు అవుతుంది.

కొమ్మాది సంచారి:
పొద్దున్నే కాటాకి వెళ్లొచ్చాను. ఆదివారం ఎలా ఉందో అలాగే, ఏదీ కదపకుండా తీసుకెళ్లాను. మొత్తం 1600 కేజీలు. జాకీ చక్రం కిందకి దించి తూస్తే 1540. అంటే హిచ్ మీద 60 కేజీలు, 4 శాతం కూడా లేదు. కాటా అతను నమ్మక మళ్లీ తూశాడు, అదే వచ్చింది.

లోపల టేపు పట్టి కొలిచాను. బంతి నుంచి ఇరుసుకి 3.6 మీటర్లు. 100 లీటర్ల నీళ్ల ట్యాంకు వెనక మంచం కింద, ఇరుసుకి మీటరున్నర వెనక, నిండుగా ఉంది. 55 కేజీల ఇన్వర్టర్ బ్యాటరీ ఇరుసుకి 1.2 మీటర్లు వెనక. కట్టినవాళ్లు ఖాళీ ఎక్కడుంటే అక్కడ పెట్టేశారు, నేనూ అడగలేదు. రెండేళ్లుగా ఆ మంచం మీద పిల్లల్ని పడుకోబెడుతున్నాను, కింద ఏముందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

గోపాలపట్నం టు డల్లాస్:
సమస్య దొరికింది అన్నా. ఇక్కడ అమెరికాలో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద ఉండాలంటారు. నువ్వు కనీసం 160 దాకా తేవాలి. దాంతో పాటు వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ పెట్టించు. రెండు స్ప్రింగ్ బార్లు ఉంటాయి, అవి కారు వెనక ఇరుసు మీద పడ్డ బరువులో కొంత ముందు చక్రాలకీ, కొంత ట్రైలర్ ఇరుసుకీ పంపిస్తాయి. ఇక్కడ పెద్ద ట్రైలర్లకి అవి లేకుండా లాగేవాళ్లు తక్కువ.

భీమిలి బోటు:
తమ్ముడూ, యూరప్‌లో 5 నుంచి 7 శాతం చాలంటారు కదా. బ్రిటన్‌లో మా అబ్బాయి కేరవాన్ అంతే బరువుతో లాగుతున్నాడు. నేను ఇక్కడ బోటు ట్రైలర్‌కి 7 ఉంచుతాను, బాగానే వస్తుంది.

గోపాలపట్నం టు డల్లాస్:
బాబాయ్, అక్కడ కేరవాన్లు తేలిక, లాగే స్పీడూ తక్కువ. బ్రిటన్ మోటార్‌వేల మీద కేరవాన్ లాగే కారుకి గంటకి 60 మైళ్లే పరిమితి, అంటే 96 కిలోమీటర్లు. జర్మనీలో మామూలుగా 80. మీ బోటుకి ఇంజిన్ వెనక ఉంటుంది, ఎత్తు తక్కువ, గాలి తగిలే గోడ లేదు. అన్నది నిలువు పెట్టె. రెండింటికీ ఒకే లెక్క కుదరదు.

కొమ్మాది సంచారి:
తమ్ముడూ, ఒక చిక్కుంది. నా హిచ్ ప్లేటు మీద 150 కేజీలని గుద్ది ఉంది. ట్యాంకు ముందుకి జరిపి, బ్యాటరీ ముందుకి జరిపి 160 చేస్తే ఆ హద్దు దాటిపోతాను.

మధురవాడ మాస్టారు:
ఆ హద్దు దాటొద్దు. ట్యాంకుని జరపడం ఎందుకు, ఖాళీ చేసి ప్రయాణించండి. ఇరుసుకి మీటరున్నర వెనకున్న 100 కేజీలు తీసేస్తే ముక్కు మీద దాదాపు 42 కేజీలు పెరుగుతుంది. బ్యాటరీని ఇరుసుకి మీటరున్నర ముందుకి తెస్తే ఇంకో 41. మొత్తం 143 దగ్గరికి వస్తుంది. ట్రైలర్ 1500కి దిగుతుంది, అంటే 9 శాతం పైమాటే. సగం నిండిన ట్యాంకులో నీళ్లు అటూ ఇటూ కొట్టుకోవడమూ ఉండదు. అరకులో నీళ్లకి కొదవ లేదు.

మెకానిక్ గారూ, ఎయిర్ బ్యాగుల గురించి ఒక లెక్క చెప్తాను. ఫార్చ్యూనర్ వీల్‌బేస్ 2745 మిల్లీమీటర్లు. బంతి వెనక ఇరుసు కంటే సుమారు 1.2 మీటర్లు వెనక ఉందనుకుందాం. 140 కేజీలు అక్కడ మోపితే వెనక చక్రాల మీద 200 పెరుగుతాయి, ముందు చక్రాలు 60 కోల్పోతాయి. ఇది తక్కెడ. వెనక స్ప్రింగు ఎంత గట్టిదైనా ఆ 60 కేజీలు ముందుకి తిరిగి రావు. బండి ఎత్తు మాత్రం సరవుతుంది, హెడ్‌లైట్లు ఆకాశం చూడడం ఆగుతుంది. నిజంగా ముందుకి పంపేవి ఆ బార్లే. కానీ చాలా ఓవర్‌రన్ కప్లింగులకి, అంటే బంతిని పట్టుకునే ట్రైలర్ ముక్కు భాగానికి, అవి కుదరవు. కప్లింగు లోపలికీ బయటికీ ఆడాలి, బార్లు దాన్ని బిగిస్తాయి. తయారుచేసినవాళ్లు సరేనంటే తప్ప పెట్టొద్దు.

గాజువాక మెకానిక్:
మాస్టారూ, తక్కెడ లెక్క ఒప్పుకుంటాను. కానీ సంచారి సార్ బండి కాటాకి పోకముందే వెనక కూర్చుంది, హిచ్ మీద 60 కేజీలే ఉన్నా సరే. ఎందుకని?

కొమ్మాది సంచారి:
డిక్కీలో టెంటు, కుర్చీలు, గ్యాసు స్టవ్, రెండు బియ్యం బస్తాలు ఉన్నాయి సార్. ఊరి నుంచి తెస్తున్నవి.

గాజువాక మెకానిక్:
అయితే అవి ట్రైలర్‌లోకి, ఇరుసు మీదకి మారాలి, కానీ కొత్త బరువులు కాబట్టి మళ్లీ తూయాలి. బండి ఒకసారి నా దగ్గరికి తీసుకురండి. టైర్లు, కీళ్ల దగ్గరి రబ్బరు బుష్‌లు చూడకుండా ఎవరూ తీర్పు చెప్పకూడదు.

కొమ్మాది సంచారి:
మెకానిక్ గారి దగ్గరికి వెళ్లొచ్చాను. ఆయనకి మనసారా థాంక్స్. బండి కిందకి దూరి, లేటరల్ రాడ్ చివర సన్న గడ్డపార పెట్టి తోశారు. రబ్బరు చీలిపోయి రాడ్ పక్కకి కదిలింది, నన్ను వంగి చూడమన్నారు. వెనక ఇరుసు పక్కలకి జరగకుండా పట్టుకునేది ఆ రాడ్డే. బుష్ మార్చారు. వెనక టైర్లలో గాలి ఫుల్ లోడుకి చెప్పిన దానికంటే తక్కువుంది, డోరు దగ్గరున్న స్టిక్కర్ ప్రకారం పెంచారు. పైగా బంతికి నేనే గ్రీజు పట్టించాను. మా కప్లింగులో రాపిడితో ఊపుని ఆపే ప్యాడ్లు ఉన్నాయట, గ్రీజుంటే అవి పనిచేయవట. తుడిచి శుభ్రం చేశారు.

తర్వాత బ్యాటరీ జరిపించి, ట్యాంకు ఖాళీ చేసి, బియ్యం ఇంట్లో దింపి మళ్లీ కాటా ఎక్కించాను. మొత్తం 1500, ఇరుసు మీద 1360. నిన్న విజయనగరం దాకా వెళ్లొచ్చాం, 70 దాటలేదు. అదే వంతెన దగ్గర రెండు లారీలు దాటాయి. ట్రైలర్ ఒక్కసారి కదిలి ఆగింది. అమ్మ నిద్ర లేవలేదు.

గాజువాక మెకానిక్:
సంతోషం సార్. ఎయిర్ బ్యాగుల మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను. కుటుంబమంతా ఎక్కి డిక్కీ నిండినప్పుడు బండి మట్టం సరిచేయడానికి అవి కావాలి.

మధురవాడ మాస్టారు:
మట్టం కోసమైతే వేయించండి. ఊపు ఆపడానికి అని మాత్రం ఎవరికీ చెప్పొద్దు, దాన్ని నమ్మి 90లో పోయేవాళ్లుంటారు.

షీలానగర్ లారీ:
అన్నా, వచ్చే వారం అరకు అన్నారు కదా. ఘాట్‌లో నెమ్మదిగా వెళ్తారు కాబట్టి ఊపు భయం తక్కువ, అక్కడ భయం బ్రేకులది. దిగేటప్పుడు ట్రైలర్ మిమ్మల్ని తోస్తూనే ఉంటుంది, కాబట్టి దాని బ్రేకు మీకు తెలియకుండానే దారంతా పట్టి ఉంటుంది. తక్కువ గేరులో నెమ్మదిగా దిగండి, డ్రమ్ములకి చల్లారే టైము దొరుకుతుంది. అనంతగిరి దాటాక డముకు వ్యూపాయింట్ దగ్గర ఆపి, వీల్ డ్రమ్ముకి తగలకుండా అరచెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. రెండు వైపులా ఒకేలా వేడి ఉందా, ఒక వైపే ఎక్కువుందా, వచ్చాక ఇక్కడ రాయండి.