చలికాలపు దెయ్యాల నాటకానికి వెనక తెర ఎలా గీయాలి?

ప్రశ్న: శీతాకాలం రాత్రి, పాడుబడ్డ బంగళా, ఆకులు రాలిన చెట్లు, పొగమంచు. ఇదీ సీను. అంతా నలుపు వేస్తే తెర గోడలా కనిపిస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. లోతు ఎలా తేవాలి? పైగా బంగళా కిటికీలో ఒక ఆకారం కనిపించి మాయమైపోవాలి, అది కుదురుతుందా?

జవాబు 1: నలుపు పక్కన పెట్టండి. ముదురు నీలం, ఊదా, బూడిద రంగులతో మొదలుపెట్టి, దూరపు చెట్లను లేతగా, అంచులు మసకగా, దగ్గరి కొమ్మల్ని ముదురుగా, పదునుగా గీస్తే లోతు అదే వస్తుంది. రంగులు కలిపేముందు లైటింగ్ వాళ్లతో మాట్లాడండి, ఇది చాలా ముఖ్యం. నీలం లైటు కింద ఎరుపు దాదాపు నల్లగా మారిపోతుంది.

జవాబు 2: కిటికీకి స్క్రిమ్ వాడండి, వలలాంటి పల్చటి బట్ట. ముందు నుంచి ఏటవాలుగా లైటు వేసి వెనక చీకటిగా ఉంచితే మీరు గీసిన బొమ్మే కనిపిస్తుంది. ముందు లైటు తగ్గించి వెనకున్న నటుడి మీద వేయండి, ఆకారం బయటపడుతుంది. రంగు మాత్రం పల్చగానే వేయాలి, మందమైతే రంధ్రాలు మూసుకుపోతాయి. 1862లో లండన్‌లో జాన్ హెన్రీ పెప్పర్ పెద్ద గాజు పలకలో ప్రతిబింబంతో దెయ్యాన్ని చూపించారు, అదీ అద్భుతమే, కానీ అంత గాజు స్టేజీ మీద బరువు, ప్రమాదం. స్క్రిమ్ చాలు.

జవాబు 3: బట్టకి నిప్పు త్వరగా అంటుకోకుండా మందు కొట్టించారా? లైట్లు వేడెక్కుతాయి. కొవ్వొత్తులు కావాలంటే ఎల్‌ఈడీవే పెట్టండి.