బ్లాక్‌రేజర్ ఆకలేస్తే పాత్రని ఎవరు ఆడాలి: డీఎంనా, ఆటగాడా?

మారతహళ్లి డీఎం
మొన్న శనివారం మా బెంగళూరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ టేబుల్‌లో (డీఎంని, అంటే కథ నడిపేవాణ్ని, నేనే) పెద్ద వాదనైంది. మీ అభిప్రాయం కావాలి. ఆడుతున్నది వైట్ ప్లూమ్ మౌంటెన్. 1979 నాటి పాత సాహస కథే, 2017లో ఆట ఐదో ఎడిషన్‌కి మార్చి మళ్లీ వేశారు. అందులోని మూడు మాయా ఆయుధాల్లో ఒకటైన బ్లాక్‌రేజర్, ఆత్మల్ని మింగే, సొంత బుద్ధున్న కత్తి, మా ఫైటర్ (యోధుడి పాత్ర) చేతికొచ్చింది. కొండ దిగి తిరిగొస్తుంటే మూడు రోజులు గడిచిపోయాయి, కత్తికి ఒక్క ఆత్మ కూడా దొరకలేదు. అలా ఆకలేస్తే అది పట్టుకున్నవాడి మీదే తిరగబడుతుంది, సూర్యాస్తమయానికి గొడవ మొదలైంది. డీసీ 16 కరిష్మా సేవ్ (కత్తిని తట్టుకునే పాచిక పరీక్ష, లెక్క 16కి తగ్గకూడదు), డైస్ మీద 9. దారిలో పట్టుకున్న గాబ్లిన్‌ని (చిన్న రాక్షసుణ్ని) తనకిమ్మంది కత్తి. వాణ్ని వదిలేస్తామని క్లెరిక్ (పూజారి పాత్ర) అప్పటికే మాటిచ్చింది. ఫైటర్ ఒప్పుకోలేదు, కత్తి అతన్ని లొంగదీసుకోబోయింది, రెండో సేవ్ కూడా పోయింది. "నువ్వు కత్తి దూసి ఒక్క వేటు వేశావు, వాడు పోయాడు" అని చెప్పాను. ఫైటర్‌ని ఆడే తమ్ముడు తన పాత్ర వివరాలుండే క్యారెక్టర్ షీట్ మూసేసి వెళ్లిపోయాడు. నా దృష్టిలో నేను చేసింది న్యాయమే. అంత ఆయుధానికి ఆ మాత్రం ధర ఉండాలి.

బీటీఎం బార్డ్
అన్నా, ధర ఉండాలి, కాదనను. కానీ రూల్ ఇంకోసారి చదవండి. కత్తి గెలిస్తే పట్టుకున్నవాడు 1డీ12 గంటలు (పన్నెండు ముఖాల పాచిక మీద ఎంత పడితే అంత) చార్మ్ అవుతాడు, అంటే దాని వశమవుతాడు, దాని ఆజ్ఞలు పాటించడానికి ప్రయత్నించాలి. అంతే. కత్తి గొంతు మీది, ఫైటర్ ఒళ్లు అతనిది. "గాబ్లిన్‌ని చంపు" అనడం వరకే మీ పని. చెయ్యి వణుకుతూ లేచిందా, నడుస్తూ "నన్ను ఆపండ్రా" అని అరిచాడా, అది ఆ తమ్ముడు చెప్పుకోవాల్సిన సీన్. ఆ క్యాంపెయిన్ మొత్తంలో అతనికి దొరికే గొప్ప క్షణం అదే అయ్యుండేది.

ఇంకో మాట. చార్మ్ అయినవాడికి దెబ్బ తగిలితే మళ్లీ సేవ్ వేయొచ్చు. అంటే పక్కనున్నవాళ్లు లాగి ఒక్కటిచ్చినా అతను బయటపడే అవకాశముంది. "ఒక్క వేటు" అని మీరే ముగించేసరికి అందరికీ ఆ దారి మూసుకుపోయింది.

వైట్‌ఫీల్డ్ విజార్డ్
నేనైతే ఆ ఆకలి రూలే తీసేస్తాను. మాది ఉద్యోగాలు చేసుకునే గుంపు, అందరికీ కుదిరే శనివారం దొరకడమే కష్టం. ఒక్కడి కత్తి కోసం మిగతావాళ్ల రాత్రి పాడవ్వాలా?

బీటీఎం బార్డ్
ఆకలి తీసేస్తే దాని బలానికి ధరే ఉండదండి. ఈ కత్తితో చంపిన ప్రాణి గరిష్ఠ హిట్ పాయింట్లన్నీ (ప్రాణబలం) తాత్కాలికంగా మనకొస్తాయి. హిల్ జెయింట్‌ని చంపితే 105. అవి ఉన్నంతసేపూ, కత్తి చేతిలో ఉంటే, దాడులకీ సేవ్‌లకీ అడ్వాంటేజ్, అంటే రెండు పాచికలేసి పెద్దది తీసుకోవచ్చు. ఇంత బలం ఉచితంగా ఇస్తే పక్కనున్న ఆటగాళ్లు దేనికి? అదే కత్తి అన్‌డెడ్‌కి (చచ్చినా తిరిగే శవానికి) తగిలితే ఎదురు దెబ్బ మనకే, 1డీ10, పైగా దానికి 1డీ10 ప్రాణం పోస్తుంది. ఆకలి, ఈ దెబ్బ, ఆ బలం కలిస్తేనే బ్లాక్‌రేజర్.

క్లెరిక్ ఆడేది నేనే
ఆ టేబుల్‌లో నేనూ ఉన్నాను. గాబ్లిన్ చచ్చినందుకు కాదు నా బాధ. వాడికున్నవి 7 హిట్ పాయింట్లు, పెద్ద శత్రువేం కాదు. కానీ ప్రాణం కాపాడతానని దేవుడి పేరు మీద మాటిచ్చింది నా క్లెరిక్. ఈ కత్తి మింగిన ఆత్మ విష్ మంత్రంతో తప్ప తిరిగి రాదు. రెండో సేవ్ పోగానే నేను "ఆగండి" అన్నాను. అప్పటికే డీఎం గారు తర్వాతి ఉదయం గురించి చెప్తున్నారు. ఫైటర్‌కి అడ్డంగా నిలబడేదాన్ని, షీల్డుతో కొట్టేదాన్ని. కుదరకపోతే కుదరకపోయేది, ప్రయత్నం నాదిగా ఉండేది.

మారతహళ్లి డీఎం
సరేనమ్మా, నీ మాట న్యాయం. వచ్చే సెషన్ కత్తి ఒరలోంచి బయటికొచ్చిన క్షణం నుంచే మొదలుపెడదాం, ఇనిషియేటివ్ (ఎవరి వంతు ముందో తేల్చే పాచిక) వేసి. తమ్ముడికి ఇవాళే ఫోన్ చేస్తాను, ఫైటర్‌ని అతనే ఆడతాడు. ఆకలి మాత్రం తీసెయ్యను, డీసీ 16లో ఒక్కటి కూడా తగ్గించను.

వైట్‌ఫీల్డ్ విజార్డ్
ఆకలి విషయంలో నేనింకా ఒప్పుకోను. కత్తి తీసుకునేముందు ఆ తమ్ముడికి ఈ మూడు రోజుల సంగతి ఎవరైనా చెప్పారా?