ఉబుంటులో గేమ్ కంట్రోలర్ దానంతటదే మోడ్ మారిపోతోంది

సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ సామాన్ల మార్కెట్) కొన్న లోకల్ కంట్రోలర్, 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్ (యూఎస్‌బీ పోర్టులో పెట్టే చిన్న వైర్‌లెస్ రిసీవర్) రకం. ఉబుంటు 24.04 (లినక్స్), కెర్నల్ (సిస్టమ్ మూలభాగం) 6.8. డాంగిల్ పెట్టగానే కెర్నల్ లాగ్‌లో ఎక్స్‌బాక్స్ 360 ప్యాడ్ అని వస్తుంది, ఎక్స్‌బాక్స్ ప్యాడ్లను నడిపే ఎక్స్‌ప్యాడ్ డ్రైవరే పట్టుకుంటుంది. ఐదారు సెకన్లకు డిస్‌కనెక్ట్ అయి, వేరే ఐడీతో మామూలు హెచ్‌ఐడీ (కీబోర్డు, మౌస్ లాంటి సాధారణ ఇన్‌పుట్ పరికరాల రకం) గేమ్‌ప్యాడ్‌గా మళ్లీ కనిపిస్తుంది. ఇక అక్కణ్నుంచి కుడి స్టిక్ పైకి తోస్తే కెమెరా పక్కకు తిరుగుతుంది, ట్రిగ్గర్లు అసలు పలకవు.

విండోస్‌లో ఈ గొడవేం లేదు, కాబట్టి కంట్రోలర్ పాడైందనుకోను. పోర్టు మార్చాను, స్టీమ్-డివైసెస్ ప్యాకేజీ (కంట్రోలర్లకు అనుమతులిచ్చేది) వేశాను, యూఎస్‌బీ ఆటోసస్పెండ్ (వాడని పరికరాన్ని నిద్రపుచ్చేది) ఆపేశాను. హోమ్ బటన్ నొక్కి పట్టుకుంటే ఎక్స్‌ఇన్‌పుట్‌కి (అంటే మొదట కనిపించిన ఎక్స్‌బాక్స్ మోడ్‌కి) వస్తుంది గానీ, కాసేపటికి మళ్లీ అదే కథ. బటన్లు రీమ్యాప్ చేసుకోవచ్చు, కానీ అలా చేస్తే వైబ్రేషన్ రాదు.

డాంగిల్ పెట్టిన వెంటనే దానికి ఏదైనా కమాండ్ పంపి, ఎక్స్‌ఇన్‌పుట్ మోడ్‌లోనే నిలబెట్టే మార్గం ఉందా?