వీణకు మేళం కట్టే పని ఏఐతో పోతుందా?

పనసచెక్క: మాది బొబ్బిలి దగ్గర, ఇంట్లో వీణల పని. నాన్నకు చూపు తగ్గింది, మేళం కట్టడం, అంటే మైనంలో మెట్లు అమర్చి స్వరాలు కుదర్చడం, నేను నేర్చుకుంటున్నాను. తమ్ముడు ఫోన్లో ఏఐ శ్రుతి యాప్ చూపించి "ఇంకో ఐదేళ్లకు నీ చెవితో పనేముందన్నా" అంటున్నాడు. ఇందులోనే ఉండనా, ఐటీఐలో చేరనా? రిపేర్లకు ఎవరైనా ఏఐ వాడుతున్నారా?

డాలస్_వీణ: దయచేసి మానకండి బాబూ! మా అమ్మాయి వీణకు సారణి (మొదటి తీగ) బిరడా జారుతోందని చాట్‌బాట్‌ను అడిగాను. కాస్త నూనె రాయమంది, రాశాను. ఇక తీగ బిగించడం, అది గిర్రున వెనక్కి తిరగడం. టీచరుగారు వీడియో కాల్లో చీవాట్లు పెట్టి, నూనె తుడిపించి, సుద్దముక్క రుద్దించారు.

పియానో_ట్యూనర్: మీరు ప్రశ్న సరిగ్గా అడగలేదేమో. 26 ఏళ్లుగా పియానోలు ట్యూన్ చేస్తున్నాను. ఒక్కో దానికి 200 పైచిలుకు తీగలు. సాఫ్ట్‌వేర్ మాకు కొత్తేమీ కాదు. వీణవాళ్లే ఇంకా చెవి, చెవి అంటున్నారు. హార్మోనియమైనా ప్రామాణిక శ్రుతి 440 హెర్ట్జ్ పెట్టుకుని, స్క్రీన్ చూస్తూ రీడ్లు (లోపల పలికే ఇత్తడి రేకులు) గీకితే పూటలో అయిపోతుంది.

గాంధారం: పూటలో అయ్యే పని అలాగే ఏడుస్తుంది సార్. మీ స్క్రీన్ మీద పచ్చలైటు వెలిగే గాంధారం షడ్జం నుంచి 400 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు). షడ్జంతో కలిసిపోయే అంతర గాంధారం 386. తంబురా పక్కన పెట్టి వినండి, ఆ 14 చెవిలో గుచ్చుకుంటాయి. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని ఊరికే వద్దందా?

పియానో_ట్యూనర్: 1971లో మళ్లీ రానిచ్చారుగా, అది చెప్పరేం? యాప్‌లో 386 పెట్టడం నిమిషం పని. కానీ షడ్జం మారితే లెక్కంతా మారుతుంది, ఒకటిన్నర శ్రుతికి సరిచేసిన పెట్టె నాలుగు శ్రుతి గాయకురాలికి పనికిరాదు. మనిషికో పెట్టె గీకుతారా?

గాంధారం: గీకాను. మా గురువుగారి పెట్టె ఆయన శ్రుతికే గీకాను. రేకును మొదట్లో గీకితే స్వరం దిగుతుంది, కొనలో గీకితే ఎక్కుతుంది. మీకు తెలియదనుకుంటా.

పియానో_ట్యూనర్: నాకు నేర్పుతున్నారా? ఎన్ని పెట్టెలు పాడుచేశారో లెక్క చెప్పండి ముందు.

పద్యాలపెట్టె: నాటకాలకు వాయిస్తాను. కృష్ణుడు ఏ శ్రుతిలో ఎత్తుకుంటాడో తెర లేచేదాకా తెలీదు, ఇక మీ 14 సెంట్లు ఎవరిక్కావాలి! నా పెట్టెకు తిత్తి గాలి పోతోంది. తోలు అంటించేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

అడ్మిన్: గీకుడు ఇద్దరూ ఆపండి. ఆ అబ్బాయి అడిగింది వీణ గురించి.

కరణి: మృదంగం వాణ్ణి, మధ్యలో దూరుతున్నాను. కరణికి, అంటే కుడివైపు నల్లమచ్చకు, అన్నం, కిట్టంరాయి పొడి కలిపి పొర మీద పొర పూసి, ప్రతి పొరనూ రాయితో రుద్దుతాం. మొన్న ఇద్దరు కుర్రాళ్లొచ్చి నాదం ఏఐకి నేర్పిస్తామన్నారు. మూడు గంటలు రికార్డు చేసుకున్నారు, రెండుసార్లు టీ తాగారు. డబ్బు మాటే ఎత్తలేదు.

మైనపుచేతులు: 300 వీణలకు మేళం కట్టినవాణ్ణి చెబుతున్నాను, వినండి. యాప్ నేనూ వాడతాను, సారణి వరకు బాగానే చూపిస్తుంది. కానీ ఒకే మెట్టు మీద నాలుగు తీగలూ పలకాలి. సారణికి కుదిరిన చోట మంద్రం తీగ కాస్త అటో ఇటో పోతుంది. ఏ తీగకెంత సర్దాలో మైనం గట్టిపడేలోపే తేల్చుకోవాలి. అలా 24 మెట్లు. తమ్ముడూ, మీ నాన్నకు తగ్గింది చూపేగా? మెట్లు నువ్వు కదుపు, ఆయన్ను విననివ్వు.

పనసచెక్క: అలాగే అన్నా. మైనంలో గుగ్గిలం ఎంత కలుపుతారు? ఎండలకు మెట్లు కదిలిపోయాయని ఇద్దరు వీణలు వెనక్కి తెచ్చారు.

మైనపుచేతులు: విడిగా మెసేజ్ పెట్టు. ఇక్కడ రాస్తే కరణిగారి కుర్రాళ్లు టీ కూడా తాగకుండా పట్టుకుపోతారు.

గాంధారం: ట్యూనర్ గారూ, తంబురా పెట్టి విన్నారా?